తీసుకోవడంలో కాదు, కట్టడంలో వెసులుబాటు కావాలి: ఒక నిజాంపేట కుటుంబం అప్పుల కేసు

భర్త హైదరాబాద్ శివారు బొల్లారం వైపు ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తారు, చేతికొచ్చే జీతం నెలకు 68,000. భార్య నిజాంపేటలోనే ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్, ఆమెకు 24,000 వస్తుంది. ఇద్దరు పిల్లలు, 19,000 అద్దె, నల్గొండ జిల్లాలో ఉండే పెద్దవాళ్లకు నెలనెలా పంపే కొంత డబ్బు. 2024 డిసెంబరులో, అప్పుల మీద సలహాలిచ్చే నా దగ్గరకు వచ్చేనాటికి వీళ్ల మీద ఏడు రకాల బాకీలున్నాయి. ఎవరో తెలిసిపోకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.

వాళ్లు వచ్చింది సలహా కోసం కాదు, ఒక నిర్ణయానికి సరే అనిపించుకోవడానికి. ఒక ఫైనాన్స్ కంపెనీ వాళ్లు ఫోన్ చేసి 6 లక్షల ఫ్లెక్సీ పర్సనల్ లోన్ (లిమిట్ లోపల కావాల్సినంత తీసుకుని, కట్టి, మళ్లీ తీసుకోగలిగేది) ఇస్తామన్నారు. మొదటి రెండేళ్లు వడ్డీ మాత్రమే కట్టాలి, అసలు అక్కర్లేదు. "నెలకు 8,500 చాలంట సార్. ఇప్పుడు దీనికి నాలుగింతల పైనే కడుతున్నాం. ఇది తీసుకుంటే అన్నీ తీరిపోతాయి కదా?" అన్నారాయన. ఆమె ఏమీ అనలేదు, బ్యాగులోంచి పిల్లల లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసి టేబుల్ మీద పెట్టారు. అందులో పేజీకొక బాకీ. పైన కట్టాల్సిన తేదీ, కింద నెలనెలా కట్టింది. 2వ తేదీన ఒకటి, 5న రెండు, 7న రెండు, 12న, 18న ఒక్కోటి. జీతం పడేది 1న, 10వ తేదీకల్లా అకౌంట్ ఖాళీ. ఆ తర్వాత కిరాణా, పెట్రోలు మళ్లీ కార్డు మీదకే. ఈ కేసు సగం తేలింది ఆ నోట్‌బుక్ వల్లే. బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగితే మూడు వారాలు తిప్పే క్లయింట్లను చూశాను. ఇక్కడ లెక్క మొత్తం అరగంటలో ముందుకొచ్చింది.

ఇవి విలాసాల అప్పులు కావు. 2023లో ఆయన తండ్రికి ఆపరేషన్ అయింది. కంపెనీ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులకు కవరేజీ ఉన్నా పరిమితి దాటిపోయింది. మిగతాది సగం కార్డు మీద, సగం ఊళ్లో నాన్నకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గర నోటు రాసి తెచ్చారు. అక్కడి నుంచి ఒకదాన్ని కట్టడానికి ఇంకొకటి తీసుకుంటూ వచ్చారు.

అన్నిటినీ రూపాయి వడ్డీలోకి మార్చడం

ఇలాంటి కేసుల్లో నేను మొదట చేసే పని, ప్రతి అప్పునూ నూటికి నెలకు ఎన్ని రూపాయల వడ్డీ అనే లెక్కలోకి మార్చడం. ఏడాదికి 51 శాతం అంటే మన బుర్రకు ఎక్కదు. నూటికి నాలుగు రూపాయల పావలా అంటే పల్లెలో పుట్టిన ఎవరికైనా గుండె గుభేల్‌మంటుంది.

మొదటి కార్డు మీద 1,86,000 బాకీ. నెలకు 3.6 శాతం వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. బ్యాంకు లోన్ల వడ్డీ మీద జీఎస్టీ లేదు కానీ కార్డు వడ్డీ మీద ఉంది. చాలామంది దీన్ని గమనించరు. కలిపితే నూటికి నాలుగు రూపాయల పావలా. రెండో కార్డు మీద 94,000, నెలకు 3.75 శాతం. జీఎస్టీతో నాలుగు రూపాయల నలభై పైసలు దాటుతుంది. ఊళ్లో పెద్దాయన దగ్గర తెచ్చిన లక్షకు మూడు రూపాయలు. ఒక యాప్ ద్వారా తీసుకున్న లోన్ 48,000, రెండున్నర రూపాయలు. ఇంకో యాప్ లోన్ 30,000, రెండు ముప్పావు. 2022 మేలో బ్యాంకులో తీసుకున్న 4 లక్షల పర్సనల్ లోన్‌లో ఇంకా 2,15,000 ఉంది, ఏడాదికి 11.5 శాతం, అంటే రూపాయి లోపే. ఆఖరిది ఫ్రిజ్ మీద వడ్డీ లేని ఈఎంఐ, నెలకు 2,750 చొప్పున ఇంకా ఐదు నెలలు.

ఆ కాగితం చూసి ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఊళ్లో తెచ్చిన అప్పు తలుచుకుంటేనే నిద్ర పట్టేది కాదు సార్. కార్డు దానికంటే ఎక్కువా?" అన్నారు. ఎక్కువే. ఊరి అప్పుకు మొహమాటం, పరువు తోడవుతాయి కాబట్టి అది బరువుగా అనిపిస్తుంది. కార్డు బిల్లు ఫోన్‌లో మెసేజ్‌గా వచ్చి పోతుంది కాబట్టి తేలిగ్గా ఉంటుంది.

మొదటి కార్డు బిల్లు ఒకటి దగ్గర పెట్టుకుని వరుసగా చదివాం. మినిమం డ్యూ (ఆ నెల కనీసం కట్టాల్సింది) 9,300, అంటే బాకీలో 5 శాతం. ఆయన ఒక్క నెల కూడా తప్పకుండా కట్టారు. అందులో 6,696 వడ్డీకి, 1,205 జీఎస్టీకి పోయాయి. అసలులో తగ్గింది 1,399. ఆ నెలలోనే అదే కార్డు మీద కిరాణాకు, మందులకు గీకింది 5,000 పైన. పైగా పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. మినిమం డ్యూ కడుతుంటే బాకీ పెరగకుండా చూడాలని రిజర్వు బ్యాంకు కార్డు సంస్థలకు చెప్పింది, అది నిజమే. కానీ అది కొత్తగా ఏమీ కొననివాళ్లకు పనికొచ్చే రక్షణ.

ఏడు బాకీలకూ కలిపి నెలకు 38,260 వెళ్తోంది. ఇది కాక ఒక చిట్టీ ఉంది. 2 లక్షలది, 40 నెలలు, 22 నెలలు కట్టారు, ఇంకా పాడుకోలేదు. దానికి డివిడెండ్ పోను నెలకు నాలుగు వేల చిల్లర.

గీత ఎక్కడ గీయాలి

అప్పులు కలపాలనుకోగానే అన్నీ ఒకే చోటికి చేర్చాలనిపిస్తుంది. ఒకే తేదీ, ఒకే ఈఎంఐ, ఒకే టెన్షన్. ఫోన్ చేసిన కంపెనీ వాళ్లు కూడా అదే చెప్పారు, "అన్నీ క్లియర్ చేసేసుకోండి" అని. నేను దీనికి ఒప్పుకోను. కొత్త లోన్ వడ్డీ ఎంతో ముందు తేలాలి. దానికంటే ఎక్కువ వడ్డీ ఉన్నవే లోపలికి రావాలి, తక్కువ ఉన్నవి వాటి దారిన అవి నడవాలి. వీళ్లకు వచ్చే రేటు ఏడాదికి 13 నుంచి 17 శాతం మధ్య ఉంటుందని అప్పటికి అంచనా ఉంది. అంటే నూటికి రూపాయి పది పైసల నుంచి రూపాయి నలభై పైసల దాకా. కాబట్టి రూపాయి లోపు వడ్డీ ఉన్న బ్యాంకు లోన్‌ను కదిలించకూడదు. కదిలిస్తే 4 శాతం ఫోర్‌క్లోజర్ చార్జీ (లోన్‌ను ముందే మూసేసినందుకు పడేది), జీఎస్టీ కలిపి 10,148 ఊరికే పోతుంది, ఆపైన ఎక్కువ వడ్డీ. ఫ్రిజ్ ఈఎంఐ గురించి మాట్లాడే పనే లేదు.

మిగిలిన ఐదు అప్పుల అసలు 4,58,000. వీటి మీద ఆ నెల పడుతున్న వడ్డీ మొత్తం 17,086. సగటున నూటికి మూడు రూపాయల డెబ్బై పైసల పైమాటే.

యాప్ లోన్ల దగ్గర కాస్త ఆగాం. ఒకటి ఎనిమిది నెలల్లో, ఒకటి పది నెలల్లో ఎలాగూ అయిపోతాయి. పెద్దదానికి మిగిలిన వడ్డీ 6,840. ముందే తీర్చడానికి చార్జీ జీఎస్టీతో 2,266. కొత్త లోన్‌లోకి తెచ్చి అదే పది నెలల్లో తీర్చినా దాదాపు 3,100 వడ్డీ అవుతుంది. మిగిలేది పద్నాలుగు వందలు. ఆ డబ్బు కోసమే అయితే కలపనవసరం లేదు. కానీ ఆ రెండిటి ఈఎంఐలు కలిపి నెలకు 9,713. ఆ భారం తప్పితేగానీ కార్డు గీకడం ఆగదు. అందుకని లోపలికి తెచ్చాం, ఒక షరతు మీద: ఎనిమిది నెలల అప్పును నాలుగేళ్లకు సాగదీస్తున్నామని గుర్తుంచుకుని, మధ్యలో వచ్చే పెద్ద మొత్తాలన్నీ ఈ లోన్‌కే వేయాలి.

మూడు ఆఫర్లు

అన్ని ఖర్చులూ కలిపి సుమారు 4,75,000 కావాలని తేలింది. మూడు చోట్ల వివరాలు తీసుకున్నాం. ఎక్కడా దరఖాస్తు పెట్టలేదు, విచారణ మాత్రమే. ప్రతి దరఖాస్తుకూ క్రెడిట్ రిపోర్టులో ఒక ఎంక్వైరీ నమోదవుతుంది. వీళ్ల సిబిల్ స్కోరు, అంటే అప్పులు కట్టిన తీరుకు వేసే మార్కులు, అప్పటికే 689.

మొదటిది ఆ ఫోన్ ఆఫర్. 17 శాతం, ఏడేళ్లు, మొదటి రెండేళ్లు వడ్డీ మాత్రమే. 4,75,000 వాడుకుంటే నెలకు 6,729. రెండేళ్లలో 1,61,500 కడతారు, అసలు ఒక్క రూపాయి తగ్గదు. మూడో ఏడు నుంచి ఐదేళ్లపాటు నెలకు 11,805. చివరికి వడ్డీ మొత్తం 3,94,800. ప్రాసెసింగ్ ఫీజు వాడుకున్న డబ్బు మీద కాదు, 6 లక్షల లిమిట్ మొత్తం మీద, 3 శాతం. జీఎస్టీతో 21,240. ఏటా లిమిట్ మీద మెయింటెనెన్స్ చార్జీ వేరే. పైగా లోన్‌తో పాటు ఒక ఇన్సూరెన్స్ పాలసీ.

రెండోది ఒక బ్యాంకు మామూలు టర్మ్ లోన్. 13.5 శాతం, ఫిక్స్‌డ్ రేటు, ఐదేళ్లు, ఈఎంఐ 10,930, మొత్తం వడ్డీ 1,80,800. మొదటి ఏడాది పార్ట్ పేమెంట్ (ఈఎంఐ కాక అసలులో కొంత ముందే కట్టడం) కుదరదు, ఆ తర్వాత 3 శాతం చార్జీ ప్లస్ జీఎస్టీ.

మూడోది ఆయన జీతం పడే బ్యాంకు ఇచ్చే డ్రాప్‌లైన్ ఓవర్‌డ్రాఫ్ట్, అంటే లిమిట్ దాకా వాడుకునే, ఆ లిమిట్ నెలనెలా దిగుతూ పోయే అప్పు అకౌంట్. ఇదీ ఫ్లెక్సీ లోన్ కిందే అమ్ముతారు. లిమిట్ 4,80,000, నాలుగేళ్లు, ప్రతి నెలా లిమిట్ 10,000 తగ్గుతుంది. రెపో రేటుతో (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటు) ముడిపడిన వడ్డీ, అప్పటికి 14.25 శాతం, ఏ రోజు ఎంత బాకీ ఉంటే ఆ రోజు దాని మీదే లెక్క. ఎప్పుడు ఎంత ఎక్కువ కట్టినా చార్జీ లేదు. ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో 8,496. మొదటి నెల అసలు 10,000, వడ్డీ దాదాపు 5,640. అదనంగా ఏమీ కట్టకుండా చివరిదాకా నడిపితే వడ్డీ సుమారు 1,36,700.

కాలవ్యవధులు వేరు కాబట్టి మొత్తం వడ్డీలను పక్కపక్కన పెట్టి ఇదే చవక అనడం సరికాదు. రేటు చూస్తే రెండోదే తక్కువ. ఆమె అదే అడిగారు, "13.5 ఉండగా 14.25కి ఎందుకు వెళ్లాలండీ?" అని. మంచి ప్రశ్న. దీనికి జవాబు వాళ్ల చేతికి డబ్బు ఎప్పుడెప్పుడు వస్తుందనేదానిలో ఉంది. ఏప్రిల్‌లో ఆయనకు ఇన్సెంటివ్ వస్తుంది, 60 వేల పైన. ఏడాది లోపు చిట్టీ పాడుకుంటే లక్షా డెబ్బై వేల పైన వస్తుంది. ఈ రెండూ టర్మ్ లోన్‌లో మొదటి ఏడాది వేయడానికే లేదు. పన్నెండు నెలలు దాచి, తర్వాత వేస్తే 2,30,000 మీద 8,142 చార్జీ. అసలు సంగతేమిటంటే మన ఇళ్లలో సేవింగ్స్ అకౌంట్‌లో రెండు లక్షలు అలా ఆరు నెలలు కూర్చోవు. ఎవరి పెళ్లో, ఎవరికో చేబదులో, ఏదో ఒకటి వస్తుంది. ఓవర్‌డ్రాఫ్ట్‌లో అయితే అవి వచ్చిన రోజే వేసేయొచ్చు. ఏప్రిల్‌లో 60,000, అక్టోబరు నాటికి 1,70,000 వేస్తే లోన్ నాలుగేళ్లు కాదు, రెండేళ్ల పైన కాస్తలో అయిపోతుంది. వడ్డీ 57 వేల దగ్గర ఆగుతుంది. ముక్కాలు శాతం ఎక్కువ రేటును ఇది ఎప్పుడో మింగేస్తుంది.

ఇలా డబ్బు విడతలుగా వచ్చే అవకాశం లేని క్లయింట్ అయి ఉంటే టర్మ్ లోనే తీసుకోమని చెప్పేవాణ్ణి. మొదటి ఆఫర్ మాత్రం ఎవరికీ చెప్పను. అప్పు తీర్చడానికి తీసుకునే లోన్‌లో రెండేళ్లు అసలు కట్టనక్కర్లేదంటే, ఆ రెండేళ్లూ తీర్చడం మొదలే కాలేదన్నమాట.

కాగితం చేతికి వచ్చాకే సంతకం

2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకు కొత్తగా ఇచ్చే రిటైల్ టర్మ్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వడం తప్పనిసరి. రేటు, ఫీజులు, ఇన్సూరెన్స్ లాంటివన్నీ కలిపితే ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతుందో అందులో రాసి ఉంటుంది. అందులో లేని చార్జీని మన స్పష్టమైన అంగీకారం లేకుండా తర్వాత వేయడానికి లేదు. ఆ షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లుతాయి కాబట్టి "ఈరోజే ఆఖరు" అనే తొందర చెల్లదు. ఇంటికి తీసుకెళ్లి చదువుకోమన్నాను. మొదటి ఆఫర్ స్టేట్‌మెంట్‌లో 17 అని చెప్పిన చోట అంతకంటే పెద్ద అంకె కనిపించింది. ఆయన దాన్ని మనసులోంచి తీసేసింది అప్పుడే, నా మాట విని కాదు.

సొంత బ్యాంకు మొదట వెనకాడింది. ఆయన జీతం 68,000. ఈఎంఐలు, కార్డు బాకీల్లో 5 శాతం కలిపితే 35,260, అంటే జీతంలో 52 శాతం. దాని మీద ఇంకో లోనా అన్నారు. కొత్త అప్పుగా చూడకుండా పాతవి మూసేసే అప్పుగా చూడమని ఒక పేజీ లెక్క రాసి ఇచ్చాం. కార్డులూ యాప్‌లూ పోయాక మిగిలేది పాత బ్యాంకు లోన్ 8,797, ఫ్రిజ్ 2,750, కొత్తది 15,640. మొత్తం జీతంలో 40 శాతం. కార్డుల డబ్బు నేరుగా కార్డు అకౌంట్లకే పంపాలనే షరతుతో ఒప్పుకున్నారు. ఆ షరతు మాకూ మంచిదే.

మూసేసే పని

2025 జనవరిలో ఓవర్‌డ్రాఫ్ట్ లిమిట్ వచ్చింది. డబ్బు కట్టేస్తే అప్పు తీరిపోయిందనుకోవడం ఇక్కడ జరిగే మామూలు పొరపాటు.

కార్డు బిల్లు మొత్తం కట్టినా, బిల్లు తేదీ నుంచి కట్టిన రోజు వరకు నడిచిన వడ్డీ వచ్చే నెల బిల్లులో కనబడుతుంది. దానికి ముందే 6,000 పక్కన పెట్టాం. అది కట్టాకే రెండో కార్డు రద్దుకు రాశారు. అడిగిన ఏడు పనిదినాల్లో కార్డు మూసేయాలి, లేకపోతే బాకీ లేని కస్టమర్‌కు రోజుకు 500 చొప్పున ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఈ సంగతి ఉత్తరంలో ఒక వాక్యంగా రాయించాను. మొదటి కార్డు పాతది కాబట్టి ఉంచాం, కానీ లిమిట్ 2 లక్షల నుంచి 30,000కు తగ్గించి, ప్రతి నెలా పూర్తి బిల్లు ఆటో డెబిట్ అయ్యేలా పెట్టాం. లిమిట్ తగ్గించుకుంటే స్కోరు పడిపోతుందేమోనని ఆయన భయపడ్డారు. లిమిట్‌లో ఎంత వాడుతున్నామనే శాతం కొంచెం ఎక్కువ కనిపించే మాట నిజమే. ఖాళీ అయిన 2 లక్షల కార్డు జేబులో ఉండటం అంతకంటే ప్రమాదం. అప్పులు కలిపాక ఏడాది తిరిగేసరికి మళ్లీ కార్డులు నిండిపోయి, పైన కొత్త లోన్ కూడా ఉన్న కుటుంబాలు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి.

యాప్ లోన్లకు ఇక బాకీ లేదనే నో డ్యూ సర్టిఫికెట్లు తీసుకున్నాం. అంతకంటే ముఖ్యం, అకౌంట్ నుంచి డబ్బు లాగడానికి ఇచ్చిన ఆటో డెబిట్ మ్యాండేట్లు రద్దు చేయించాం. లోన్ ముగిసినా మ్యాండేట్ బతికే ఉంటుంది. ఒకటి యాప్‌లోనే పోయింది, ఇంకొకటి బ్యాంకు బ్రాంచికి వెళ్తేగానీ పోలేదు.

ఊరి అప్పు అన్నిటికంటే సున్నితమైనది. డబ్బు ఇవ్వడంలో ఇబ్బంది లేదు, నోటు వెనక్కి అడగడంలో ఉంది. "కష్టంలో ఆదుకున్న మనిషి సార్. డబ్బు చేతిలో పెట్టి నోటు ఇవ్వండి అంటే ఏమనుకుంటాడో" అన్నారాయన. చివరికి ఆమే దారి చూపారు. "మామయ్యగారిని తోడు తీసుకెళ్లండి. ఆయన ముందు ఇస్తే ఆ పెద్దాయనే తెచ్చిస్తాడు, మనం అడగక్కర్లేదు." అలాగే జరిగింది. ఆ పెద్దాయన నోటు తెచ్చి, వెనక అసలు వడ్డీ ముట్టినట్టు రాసి, తేదీ వేసి సంతకం పెట్టి ఇచ్చారు. డబ్బు మాత్రం బ్యాంకు ద్వారానే పంపించాం.

అందుబాటులో ఉన్న బ్యాలెన్స్

ఓవర్‌డ్రాఫ్ట్ అకౌంట్‌కు డెబిట్ కార్డు, చెక్‌బుక్ తీసుకోలేదు, యూపీఐకి కలపలేదు. జీతం నేరుగా అందులోనే వేయించుకుంటే రోజువారీ బాకీ తగ్గి వడ్డీ కలిసొస్తుందని బ్రాంచిలో చెప్పారు. లెక్క వేశాం. 68,000 జీతం నెలంతా ఖర్చవుతూ పోతే సగటున 34,000 ఉంటుంది, దాని మీద మిగిలే వడ్డీ నెలకు నాలుగు వందలు. దాని కోసం ఇంటి ఖర్చు, అప్పు ఒకే అకౌంట్‌లో కలిసిపోతే ఏ నెల ఎంత తీర్చామో ఎవరికీ తెలియదు. వద్దన్నాను. జీతం పాత అకౌంట్‌లోనే, 3వ తేదీన 10,000 అసలు, నెల వడ్డీ ఇటు బదిలీ.

ఏప్రిల్‌లో ఇన్సెంటివ్ వచ్చింది. అదే రోజు 60,000 వేశారు. బాకీ 3,84,762కు దిగింది. ఇక్కడే డ్రాప్‌లైన్‌లో ఉన్న అసలు చిక్కు బయటపడింది. మనం ముందే కట్టినా బ్యాంకు లిమిట్ దాని షెడ్యూలు ప్రకారమే దిగుతుంది. అప్పటికి లిమిట్ 4,50,000. అంటే 65 వేల పైన మళ్లీ తీసుకోవచ్చని ఫోన్‌లో కనిపిస్తుంది. అంతేకాదు, బాకీ లిమిట్ కంటే కింద ఉన్నన్నాళ్లూ బ్యాంకు అసలు అడగదు, వడ్డీ కడితే చాలంటుంది. ముందుగా కట్టిన మనిషికి ఆరు నెలలు అసలు కట్టకుండా ఉండే వీలు దొరుకుతుందన్నమాట. ఆ వీలే ఈ లోన్‌ను పాడుచేసేది.

జూన్‌లో స్కూలు పుస్తకాలు, యూనిఫాంలకని ఆయన 12,000 తీశారు. ఆమెకు చెప్పలేదు. ఆమె నెల చివర స్టేట్‌మెంట్ చూసి నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో రాసి నాకు ఫొటో పంపారు. జూలైలో ఆ 12,000 కూడా కలిపి కట్టారు. అదే వారం బ్రాంచికి ఉత్తరం ఇచ్చాం: లిమిట్‌ను శాశ్వతంగా 3,60,000కు తగ్గించండి, అక్కడి నుంచి నెలకు 10,000 చొప్పున దించండి అని. లిమిట్ పెంచమని వచ్చే కస్టమర్లే గానీ తగ్గించమని వచ్చేవాళ్లు తక్కువ, అందుకే రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు. అప్పటి నుంచి పెద్ద మొత్తం వేసిన ప్రతిసారీ ఆ ఉత్తరం వెంటే వెళ్తోంది. ఫ్లెక్సీ లోన్ తీసుకునే క్లయింట్‌కు ఇప్పుడు నేను మొదటి రోజే అడగమని చెప్పే ప్రశ్న ఇదే: మధ్యలో లిమిట్ తగ్గిస్తారా, దానికి చార్జీ ఉందా?

ఐదు అప్పుల బదులు ఒకటే కట్టడం వల్ల నెలనెలా మిగిలిన 11 వేలలో 6,000 రికరింగ్ డిపాజిట్‌కు, మిగతాది అంతకుముందు కార్డు మీద పడే ఇంటి ఖర్చుకు వెళ్లాయి. ఈ డిపాజిట్ లేకపోతే తదుపరి జ్వరానికే మళ్లీ కార్డు బయటకు వచ్చేది.

చిట్టీ సంగతి

చిట్టీని మొదటే పాడి ఉండొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. 2024 డిసెంబరులో పాట 48,000 దాకా వెళ్తోంది. అంటే చేతికి 1,52,000. పైగా ఇద్దరు ఉద్యోగస్థుల జామీను కావాలన్నారు, అది ఒకటి రెండు రోజుల్లో తేలే పని కాదు. చిట్టీ చివరికి వచ్చేకొద్దీ పాట తగ్గుతుంది. పది నెలలు ఆగితే ఆ 1,52,000 మీద 14.25 శాతం చొప్పున పడే వడ్డీ సుమారు 18,000. పాట అంతకంటే ఎక్కువ తగ్గుతుందని ఆగాం. 2025 అక్టోబరులో 24,000కు పాడుకున్నారు, 1,76,000 వచ్చింది. అందులో 1,70,000 లోన్‌కు వేశారు, 6,000 దీపావళికి ఉంచుకోమన్నాను. ఆగడం వల్ల నికరంగా మిగిలింది ఆరు వేలు. ఇంకా ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు మీద ఉండి ఉంటే ఈ ఆగడం నష్టమయ్యేది, డిసెంబరులోనే పాడమనేవాణ్ణి.

అక్టోబరు చివరికి బాకీ 1,54,762, లిమిట్ 1,60,000. తొమ్మిది నెలల్లో కట్టిన వడ్డీ 14.25 లెక్కన 42,200 దగ్గర వస్తుంది. రెపో రేటు 2025లో 6.50 నుంచి జూన్ నాటికి 5.50కి దిగింది కాబట్టి నిజానికి అంతకంటే కాస్త తక్కువే పడింది. పాత లెక్కన ఆ 42,200 రెండున్నర నెలల వడ్డీ. క్రెడిట్ సమాచారం 2025 జనవరి నుంచి పదిహేను రోజులకోసారి అప్‌డేట్ కావడం మొదలైంది కాబట్టి కార్డుల బాకీ తీరిన సంగతి రిపోర్టులో త్వరగానే కనిపించింది, స్కోరు 740 దాటింది.

ఆ తర్వాత ఆయన అడిగింది పాత బ్యాంకు పర్సనల్ లోన్‌ను కూడా ముందే తీర్చేయాలా అని. దానికి అప్పటికి ఇంకా 19 ఈఎంఐలు ఉన్నాయి, వడ్డీ 11.5 శాతం, ముందే కడితే 4 శాతం చార్జీ. వద్దని చెప్పాను. నెలకు పది వేల చొప్పున ఓవర్‌డ్రాఫ్ట్ 2027 ఫిబ్రవరికి అయిపోతుంది, 2026 ఏప్రిల్ ఇన్సెంటివ్ కూడా అందులోనే వేస్తే ఆ ఏడాదిలోనే ముగుస్తుంది. అకౌంట్ మూసేయమని రాసే ఉత్తరం ఆ నెలకే సిద్ధంగా ఉంచమన్నాను. బాకీ సున్నా అయినా లిమిట్ మిగిలి ఉంటే అది తీరిన లోన్ కాదు.